గట్టు దాటిన నీళ్లు

ఉప్పల్‌లో మొక్కల ప్రదర్శనకు మా కడియం నుంచి వెళ్లి, నాలుగు మంచాలంత చోటులో గోదావరి లంకను తయారుచేశాను. పొట్టి అరటి మొక్కలు, రెల్లు, మధ్యలో చిన్న కొలను. సాయంత్రం చూస్తే కొలను నిండిపోయి, రాతి అంచు మీదుగా నీళ్లు సన్నగా పొర్లుతున్నాయి. గట్టు దాటిన నీళ్లంటే మా లంకల్లో వరదొచ్చినట్టే. కంగారుగా కొలనులోకి నీళ్లు పంపే మోటారు కట్టేయబోయాను.

“బంద్ జెయ్యకు అన్నా! మత్తడి దుంకుతున్నది,” అంది ఒకామె. నాచారంలో మందుల కంపెనీ డ్యూటీ దిగి వచ్చిందట.

మత్తడి అంటే ఏమిటని అడిగాను.

“చెర్వు నిండితె నీళ్లు బయటికి దుంకే జాగ. మా ఊర్ల ఆ రోజు పండుగనే.”

ఆమె చెప్పులు విడిచి, జడలోని బంతిపువ్వు తీసి నీళ్లలో వదిలింది. అది తేలుతూ అంచుదాకా వచ్చి, కాసేపు ఆగి, మెల్లగా కిందికి జారింది. అంతసేపూ మెట్రో రైలు చప్పుడు ఎక్కడో నీటి అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించింది.

“రేపు మా అత్తను తోల్కొస్త. రేపు గూడ దుంకుతది గదా?”

“దుంకుతుందమ్మా,” అన్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి, నీళ్లు బాగా దుంకేలా అంచు రాయిని వేలెడు కిందికి దించాను.