రెండు చేతులు చాపిన పాఠం

ఉదయం ల్యాప్‌టాప్ ముందు అల్లం టీ పోసుకోగానే ఆ ఘాటుకి పార్వతి మేడమ్ గుర్తొస్తారు. వెంటనే మేం పనిచేసిన కంపెనీ మీద కోపమూ వస్తుంది. ఏళ్ళు గడిచినా చల్లారలేదు, చల్లార్చుకోవాలనీ లేదు. విజయనగరంలో ఒక బట్టల కొట్టు మీది గదిలో కూర్చుని మేమిద్దరం చైనా వాళ్ళకి ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పేవాళ్ళం. జీతం ఇచ్చింది ఎక్కడో హైదరాబాదు కంపెనీ. పని నేర్పింది మేడమ్.

'టేక్' అనే క్రియకి ఉన్న అర్థాలన్నీ ఒకే క్లాసులో బట్టీ పట్టించమనేది కంపెనీ. మందు వేసుకోవడం, బస్సెక్కడం, ఫొటో తీయడం, సెలవు పెట్టడం, అన్నీ. మేడమ్ ఒప్పుకునేవారు కాదు. "ముందు సేత్తో తీసుకోనియ్యే. మిగతావన్నీ దానెనకాలే వస్తాయి" అనేవారు. ఒకరోజు తన అల్లం టీ గ్లాసు కెమెరా ముందుకి చాపి, "టేక్ ఇట్" అన్నారు. కుర్రవాళ్ళ మధ్య బెరుగ్గా చదువుకునే లిన్ అనే నడివయసు ఆవిడ లేచి, తల వంచి, రెండు చేతులూ తెరవైపు చాపింది. పెద్దవాళ్ళు ఇస్తే వాళ్ళలో అలాగే అందుకుంటారట. హైదరాబాదు నుంచి ఆన్‌లైన్‌లోనే పాఠం గమనిస్తున్న మేనేజరు పకపకా నవ్వాడు. లిన్ చేతులు దించేసుకుంది.

"ఏటి నవ్వుతన్నావు? పెద్దోళ్ళిస్తే ఎలా అందుకోవాలో ఆవిడికి తెలుసు. నీకెవులూ నేర్పనేదా?" అన్నారు మేడమ్, అందరూ వింటుండగానే.

మర్నాడే మేడమ్‌ని పనిలోంచి తీసేశారు. సిగ్గులేని మనుషులు! ఆ క్లాసు నాకిస్తూ, మేడమ్‌కి ఒంట్లో బాగోలేదని చెప్పమన్నారు. పైడితల్లి అన్న నా పేరుకి చైనా వాళ్ళ నోరు తిరగదట, ఎమిలీ అని చెప్పుకోవాలట. ఒళ్ళు మండిపోయి, మానేస్తానని మేడమ్ దగ్గరికి పరుగెత్తాను.

"మానెయ్యకే. ఆవిడ మళ్ళీ సేతులు సాపాలంటే ఎదర ఎవులో ఒకరుండాలి కదేటి? ఎల్లు. కానీ నీ పేరు నువ్వు సెప్పుకో. పేరు పలకడం నేర్పలేనోళ్ళు ఇంగ్లీషేటి నేర్పుతారు?"

క్లాసు మొదలవగానే, పార్వతి టీచర్ ఏరీ అని లిన్ అడిగింది. మేనేజరు వింటున్నాడు. "నిన్ను చూసి నవ్వినవాణ్ణి నిలదీసినందుకు తీసేశారు. నా పేరు పైడితల్లి" అన్నాను. ఆ వారంలోనే నా పనీ పోయింది. తర్వాత లిన్ ఆ పేరుతోనే ఇంటర్నెట్‌లో వెతికి నన్ను పట్టుకుంది. ఎమిలీనై ఉంటే దొరికేదాన్ని కాదు.

మేడమ్ ఇప్పుడు లేరు. లిన్ తెచ్చిన వాళ్ళకీ, వాళ్ళు తెచ్చిన వాళ్ళకీ నేనే సొంతంగా పాఠాలు చెబుతున్నాను. 'టేక్' నేర్పే రోజున నా పేరు చెప్పి, టీ గ్లాసు తెర ముందుకి చాపుతాను. అవతల చేతులు లేస్తాయి. అప్పుడు ఎవరైనా నవ్వారో, "ఏటి నవ్వుతన్నావు?" అని తెలుగులోనే అరుస్తాను. మాట తెలియకపోయినా వాళ్ళు నవ్వు ఆపేస్తారు.