నా బ్లాగుకొచ్చిన నాలుగో మనిషి

ప్రతినెలా మొదటి తారీఖున నా మెయిలుకి ఒక ఉత్తరం వస్తుంది. పంపేది మనిషి కాదు, యంత్రం. అయినా ఎంతో మర్యాదగా, గత నెలలో మీ బ్లాగును ఇంతమంది సందర్శించారు, అభినందనలు, అని రాస్తుంది. ఈ నెల ఆ అంకె నాలుగు. నలుగురొస్తే అభినందనలెందుకో నాకు అర్థం కాలేదు. పైగా ఆ నలుగురిలో ముగ్గురు నేనే. ఒకసారి కంప్యూటర్లో చూసుకున్నాను, ఒకసారి ఫోనులో చూసుకున్నాను, వేరేవాళ్ళ ఫోనులో కూడా సరిగ్గా కనిపిస్తోందో లేదోనని మా ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు ఆమె ఫోను తీసి మూడోసారి చూశాను. ఇక ఆ నాలుగో మనిషి ఎవరో చాన్నాళ్ళ వరకు నాకు తెలియలేదు. నెలనెలా తప్పకుండా వచ్చేవాడు, ఒక్క మాట రాసేవాడు కాదు. ఏదో విశ్వవిద్యాలయంలో కళ్ళజోడు పెట్టుకున్న పరిశోధకుడై ఉంటాడని, నా రాతలన్నీ ఒక ఫైల్లో దాచుకుంటున్నాడని ఊహించుకుని, రాత్రి భోజనం దగ్గర మా ఆవిడతో అంటే, ఆవిడ పప్పు వడ్డిస్తూ నవ్వింది.

మాది భోగాపురం దగ్గర సముద్రపొడ్డు ఊరు. గరివిడిలో ఒక కర్మాగారం ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే తల నెరిసి, ఇప్పుడు విజయనగరంలో కాపురం ఉంటున్నాను. ఉద్యోగం ఇంకా కొన్నేళ్ళుందనగా ఈ బ్లాగు పిచ్చి పట్టుకుంది. చేపల వేటకెళ్ళే మావాళ్ళు ఏ యంత్రమూ లేకుండా సముద్రం మీద దారి ఎలా కనుక్కునేవారో, ఏ గాలిని ఏమని పిలిచేవారో, నీటి రంగు చూసి లోతు ఎలా చెప్పేవారో రాసుకోవడం నా సరదా. ఆ రోజుల్లో తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చేర్చి చూపించే తావు ఒకటుండేది. మనం రాసింది అక్కడ కనిపించిన గంటలోనే ఊరూ పేరూ తెలియని పదిమంది వచ్చి వాలిపోయేవారు. పొందూరు నుంచి ఒక టీచరమ్మ, వాళ్ళ అమ్మమ్మ పత్తి దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముక వాడేదని, ఆ చేప మా సముద్రానిదేనా అని అడిగింది. కాదమ్మా, అది మంచినీటి చేప అని నేను, అమ్మమ్మ సముద్రం చేపనే చెప్పిందని ఆవిడ, నాలుగు రోజులు వాదించుకున్నాం. ఆఫీసులో కాగితాల మధ్య కూర్చుని ఆమె జవాబు కోసం ఎదురుచూసిన ఆ నాలుగు రోజులంత సంతోషం తరువాత ప్రమోషనొచ్చినప్పుడు కూడా నాకు కలగలేదు.

ఆ తావు మూతపడింది, ఆ మనుషులు ఒక్కొక్కరే వేరే చోట్లకు తరలిపోయారు, టీచరమ్మ ఎటు వెళ్ళిందో తెలియదు. ఇప్పుడు నేను రాసినదానికి లింకు తీసి మా చుట్టాల వాట్సాప్ గుంపులో పెడతాను. మూడు సెకన్లలో దండాలు, చప్పట్లు, బొటనవేళ్ళు వచ్చిపడతాయి. మూడు సెకన్లలో మూడు పేజీలు ఎలా చదివారర్రా అని అడగకూడదు, అడిగితే చాదస్తం. ఒకసారి మా అయ్య తెప్ప నడిపిన తీరు గురించి రాసి, ఆయన పాత ఫోటో ఒకటి జతచేసి, గరివిడి పాత మిత్రుల గుంపులో పెట్టాను. మా అయ్య పోయి నలభై ఏళ్ళు దాటింది. పొద్దుగూకేలోపు వరసగా ఓం శాంతి, ఓం శాంతి అని పెట్టారు. మర్నాడు నాతోపాటు పనిచేసిన ఒకాయన బస్సెక్కి, అరటిపళ్ళు పట్టుకుని, మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చాడు. విషయం చెప్పి, టీ ఇచ్చి, ఎలాగూ వచ్చారు కదా ఆ వ్యాసం చదవండి అని ఫోను చేతికిచ్చాను. ఫోటో బాగుందన్నాడు. పళ్ళు మాత్రం వెనక్కి తీసుకెళ్ళలేదు, అది ఆయన మంచితనం.

ఇదంతా చూసి మా మేనకోడలు నన్ను దారిలో పెట్టాలనుకుంది. ఆ పిల్ల చేపల పులుసు వండుతూ చిన్న చిన్న వీడియోలు తీసి పెడుతుంది, వాటికి వేలమంది చూపరులు. మావయ్య పేరు నిలబెడదామని, చందువ ముక్కలు పెనం మీద తిప్పుతూ నా వ్యాసంలోని ఒక వాక్యం చదివింది కూడా. దాని కింద జనం అడిగింది ఒకటే, అక్కా ఆ చీర ఎక్కడ కొన్నారు అని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మాత్రం చల్లగా, "మావయ్యా, అంత పొడుగు ఎవులు సదువుతారు? గుట్టేదైనా ఉంటే సెప్పు, అప్పుడు పరిగెట్టుకుంటా వస్తారు," అంది.

గుట్టంటారా, నా దగ్గర నిజంగానే ఒకటుంది.

మా అయ్యకు సముద్రం అడుగున ఒక రాతిగుట్ట తెలుసు. చేపలకు అది పండగ చోటు. మిగతావాళ్ళు ఖాళీ తెప్పలతో తిరిగొచ్చిన రోజున కూడా మా తెప్ప మీద కోనాం చేపలు మెరుస్తూ కనిపించేవి. నీళ్ళ మీద ఆ చోటును కనుక్కోవడానికి కొండగుర్తులుండేవి. ఒడ్డువైపు తిరిగి చూస్తే దూరంగా ఒక కొండ, దానికి రెండు భుజాలు, ఒడ్డున ఒంటరి తాడిచెట్టు. ఆ చెట్టు ఒక భుజం కిందికి వచ్చేవరకు తెప్పను జరిపితే, అది చూపుతో గీసుకున్న ఒక గీత. ఇటు సరుగుడు తోపు చివర పెంకుటింటి తెల్లగోడ తొంగిచూసేవరకు ఇంకో గీత. రెండు గీతలూ కలిసినచోట గాలం వదిలితే, కింద రాయి. అంతే, ఇంకేమీ లేదు, కానీ అది తెలుసుకోవడానికి ఊరు ఊరంతా మా అయ్య వెంటపడేది. కల్లు పోయించేవారు. ఆయన శుభ్రంగా తాగి, వాన గురించి మాట్లాడి లేచొచ్చేవాడు. వెనకింటి మావ అయితే తన తెప్పను మా తెప్ప వెనకే తోలుకొచ్చేవాడు. అతను కనబడగానే మా అయ్య గాలాలు పైకి లాగేసి, బురద తప్ప ఏమీ లేని చోటికి వెళ్ళి, అక్కడ గొప్ప చేపలేవో పడుతున్నట్టు హడావుడి చేసేవాడు. పాపం మావ అక్కడే గంటలకొద్దీ కూర్చునేవాడు. మా అమ్మకు కూడా మా అయ్య ఆ గుర్తు చెప్పలేదు.

నాకు చెప్పాడు. పదేళ్ళప్పుడు ఒక ఉదయం నన్ను తెప్పెక్కించుకుని ఆ చోటికి తీసుకెళ్ళాడు. దోసిట్లోకి సముద్రం నీళ్ళు తీసుకోమని, "ఒరే, ఇది నీటి మీద సెప్పీది, ఒడ్డు మీద సెప్పీది కాదు," అని మాట తీసుకున్నాడు. సముద్రం నా ఒంటికి పడేది కాదు, ఆ రోజంతా కక్కుతూనే ఉన్నాను. ఆ తరువాత ఆయనే నన్ను తెప్ప దించి బడికి పంపాడు. నాకు ఉద్యోగం వచ్చిన రెండేళ్ళకే పోయాడు. అప్పటికి మా తమ్ముడు ఎనిమిదేళ్ళవాడు. ఆ గుర్తు ఇక ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసని, ఫైళ్ళ మధ్య కూర్చున్న గుమాస్తానైనా నేనే దానికి వారసుడినని నాకొక పొగరుండేది. సముద్రానికి వెళ్ళే తమ్ముడికి కూడా ఎన్నడూ చెప్పలేదు. వాడికి దారి చూపే యంత్రం ఉంది కదా అని సరిపెట్టుకున్నాను.

అలాంటిది, పోయిన నెల ఒక మధ్యాహ్నం, చీర గురించి అడిగిన ఆ జనం మీద కోపంతో కూర్చుని అంతా రాసేశాను. మా అయ్య ఎవరికీ చెప్పని రాయి అని పేరు పెట్టి, తాడిచెట్టు, ఎడమ భుజం, తెల్లగోడ, ఒక్కటీ దాచకుండా లోకానికి విప్పేశాను. మీట నొక్కేశాను. ఇంక లోకం ఊరుకోదు, తమ్ముడు నా గుమ్మం తొక్కడు, మా అయ్య ఆత్మ శాంతించదు అనుకుంటూ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఎవరూ రాలేదు. ఒక్కరంటే ఒక్కరు. మా అయ్య నోరు మూసుకుంటే ఊరంతా వెంటపడింది, నేను గొంతు చించుకుని అరిచినా నాలుగో మనిషి ఒక్కడే వచ్చి, చూసి, మాట్లాడకుండా పోయాడు. మాట తప్పిన పాపం దక్కింది, దానికి తగిన పేరైనా దక్కలేదు. ఒక గుట్టు దాచాలంటే తెలుగు బ్లాగులో పెట్టడాన్ని మించిన ఉపాయం లేదని ఆ రోజు నాకు తెలిసింది.

నిన్న మా తమ్ముడు వచ్చాడు. చెప్పాపెట్టకుండా, ఎండు కవ్వళ్ళ చేపల సంచితో గుమ్మంలో నిలబడ్డాడు. మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. కూర్చోకుండానే, "అన్నియ్యా, రాయి గురించి రాసినావు కదా," అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నీకెవరు చెప్పారంటే విసుక్కున్నాడు. చెప్పేదేమిటి, నేను రాసిన ప్రతి ముక్కా వాళ్ళకు తెలుసట. ఆదివారాలు వలలు బాగుచేసే పాక దగ్గర వాడి పెళ్ళాం, అంటే మా మరదలు, తన ఫోనులో నా బ్లాగు తెరిచి గట్టిగా చదువుతుంది, వలలు కుట్టుకుంటూ ఏడెనిమిది మంది మగాళ్ళు, పక్కన చేపలు ఎండేసే ఆడవాళ్ళు అందరూ వింటారు. రెండేళ్ళుగా ఇదే వరస. నా పరిశోధకుడు మా మరదలన్నమాట! యంత్రానికి కనిపించింది ఒక ఫోను, దాని చుట్టూ కూర్చున్న పాకెడు మనుషులు దానికి కనిపించలేదు. మరి ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాటైనా అనలేదేమిరా అంటే, "సెప్పడానికేటుంది? నువ్వు రాస్తావు, అది సదువుతాది, మేం ఇంటాం," అన్నాడు.

సంతోషించేలోపు భయం వేసింది. మా అయ్య ఎవరి నుంచి ఆ రాయిని దాచాడో, ఆ ఊరివాళ్ళ చెవుల్లోనే నేను దాన్ని ఊదానన్నమాట. క్షమించరా, కోపంలో గుట్టు బయటపెట్టేశాను అన్నాను. వాడు నన్నొక వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. ఆ రాయి ఇప్పుడు అందరి యంత్రాల్లోనూ ఉందట, పిల్లలు కూడా వెళ్ళొస్తారట. వాడి కోపం దానికి కాదు. "సెప్తే సెప్పినావు, సరిగ్గానైనా సెప్పాల కదా. ఎడం బుజం కాదు, కుడి బుజం. నువ్వు సెప్పిన కాడ అంతా బురదే. పాకలో అందరూ ఒకటే నవ్వు, అయ్య పరువు తీసీసినావు," అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. మా అయ్య నాకు స్వయంగా చూపించాడన్నాను. నీకెలా తెలుసని నిలదీశాను. అప్పుడు వాడు కూర్చున్నాడు. వాడికి ఆ చోటు చూపించింది వెనకింటి మావ. మా తెప్ప వెనక తిరిగి తిరిగి ఎలాగో కనిపెట్టి ఉంటాడని, దొంగతనంగా తెలుసుకున్నదైనా తనకు నేర్పాడని మా తమ్ముడు ఇన్నేళ్ళూ అనుకున్నాడు. మొన్న ఆదివారం నా వ్యాసం విని అందరూ నవ్వుతుంటే, ఎనభై దాటిన ఆ మావ ఒక్కడే నవ్వలేదట. వల పక్కన పెట్టి, అది నేను కనిపెట్టింది కాదర్రా అన్నాడట. మంచం పట్టిన మా అయ్య అతన్ని పిలిపించుకుని తానే చెప్పాడట. "పెద్దోడికి సెప్పినాను గానీ ఆడు కక్కుకుంటా ఇన్నాడు, ఆడికేటీ గురుతుండదు. సిన్నోడికి ఒయసొచ్చినాక నువ్వే సూపించాల. అందాకా నీ నోట రాకూడదు," అన్నాడట. మావ ఆ మాట నిలబెట్టాడు. మా తమ్ముడికి వయసొచ్చేవరకు తాను కూడా ఆ రాయి మీద గాలం వేయలేదట.

సిగ్గేసింది, బాధా కలిగింది, నన్ను నమ్మలేదన్న ఉక్రోషం ఈ వయసులో కూడా వచ్చింది. కానీ మా అయ్య నన్ను సరిగ్గానే చదివాడు.

తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఎడమను కుడిగా దిద్దాను. నాకు తెలియని ఇంకో రెండు రాళ్ళ గుర్తులు కూడా వాడు చెప్పాడు, రాసుకున్నాను. మొత్తం ఈ గుర్తుల్లో సగం ఇప్పుడు ఒడ్డున లేవు. తాడిచెట్టు లేదు, తెల్లగోడ ఇల్లు లేదు, సరుగుడు తోపు లేదు, విమానాశ్రయం వస్తుందన్నప్పటి నుంచి లేచిన మేడల వెనక ఆ కొండ భుజాలు రెండూ దాక్కున్నాయి. అయినా పడవలో నిలబడి వెనక్కి తిరిగి ఒడ్డును చూసేవాళ్ళెవరున్నారు గనక, అక్కడ వాళ్ళూ ఇక్కడ మనమూ అందరం అరచేతిలోని అద్దంలోకే చూసుకుంటున్నాం. నేను పడిన గోలంతా ఆ అద్దంలోకి పదిమందిని లాక్కురావడానికే. మా అయ్య పిలిచింది ఒక్కణ్ణి, అదీ తన వెంటపడి విసిగించిన ఆ మావనే. ఆ ఒక్కడికి చెప్పింది ఇన్నేళ్ళూ చెక్కుచెదరలేదు. నేను లోకానికంతా చెప్పాను, తప్పు చెప్పాను, దాన్ని దిద్దడానికి ఆ ఒక్కడు దాచి నేర్పిన మాటే మిగిలి ఉంది.