మా కమ్యూనిటీలో హార్ట్ ఎటాక్‌లు

ఇందాకే మా తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీ మీటింగ్ నుంచి వచ్చాను.

పోయిన వారం మా బ్లాకు కుర్రాడు డ్రగ్స్ ఎక్కువై చనిపోయాడు. వాట్సాప్ గ్రూపులో మాత్రం హార్ట్ ఎటాక్ అని పెట్టారు. అసలెలా జరిగింది, ఎక్కడ ఆపగలిగేవాళ్లం అని చూడ్డానికి ఒక టీమ్ పెడదామని, ఖర్చు అసోసియేషనే ఇవ్వాలని పైఫ్లోర్ డాక్టరుగారు అడిగారు.

సెక్రటరీ గయ్యిమన్నాడు. "నిరుడు సుజాతగారి కొడుకు పోతే టీమ్ పెట్టినమా? గిదంతా బయటపడితే ఫ్లాట్ల రేట్లు ఏమైతయి?"

వెనకనుంచి సుజాతగారే లేచారు. "మావాడిదీ హార్ట్ ఎటాక్ కాదండి. అలా చెప్పమన్నది నేనే. ఆ టీమేదో అప్పుడే ఉంటే ఈ అబ్బాయైనా మిగిలేవాడేమో."

అంతకుముందే స్విమ్మింగ్ పూల్ టైల్స్‌కి చప్పట్లు కొట్టి డబ్బులిచ్చినవాళ్లం, టీమ్‌కి మాత్రం ఒక్కళ్లమూ చెయ్యెత్తలేదు.

మీ కమ్యూనిటీలో ఇరవై ఏళ్లకే హార్ట్ ఎటాక్‌తో పోయినవాళ్లు ఎంతమంది?