పిల్లకాలువలో జుమగుల్ పన్ను

మా కొండల్లో పారే జరఫ్షాన్ ఏటికి పేరులోనే బంగారం ఉంది. పేరులో ఉన్నంత ధారాళంగా ఇసుకలో లేదు, అదీ చిక్కు. ఆ సంగతి తెలిసి కూడా వేసవి వచ్చిందంటే మా నియాజ్‌మత్ కాలు ఇంట్లో నిలవదు. కొండదారి మీద మంచు తోసే బండి నడిపి నడిపి పింఛను పుచ్చుకున్న మనిషి. తిండికీ బట్టకీ లోటు లేదు. ఇసుక కడగడం అతనికి బతుకుతెరువు కాదు, ఉత్త పిచ్చి. మల్బరీ చెక్క తొలిచి చేసుకున్న పళ్ళెం, ఒక గొర్రెతోలు, మూటలో రెండు రొట్టెలు ఉంటే చాలు, పొద్దు పోయేదాకా ఏట్లోనే ఉంటాడు.

సెలవులకి రాజధాని దుషాన్బే నుంచి కార్లేసుకుని వచ్చే కుర్రాళ్ళు నేరుగా అతని దగ్గరికే వస్తారు.

"బాబాయ్, ఎక్కడ కడిగితే దొరుకుతుంది?"

"ఏరు ఎక్కడ బద్ధకిస్తే అక్కడరా. మలుపు తిరిగే చోట లోపలి ఒడ్డు చూడండి. పెద్ద రాయి వెనకాల చూడండి. ఒడ్డున నాచూ గడ్డివేళ్ళూ ఉంటే పీకి కడగండి. బంగారం బరువుది కదా, నాలాంటిదే. కూర్చోడానికి చోటు దొరికిందా, ఇంక లేవదు."

వాళ్ళు సాయంత్రం దాకా ప్యాంట్లు తడుపుకుని, వేలి కొసకి అంటుకున్న ఒక్క రవ్వని చూసుకుని రాజ్యం గెలిచినట్టు వెళ్ళిపోతారు.

నియాజ్‌మత్ భార్య జుమగుల్‌కి మాత్రం ఈ వైభవమంటే మంట. "ఏరంతా కడిగాడు మహానుభావుడు, నా నోట్లోకి ఒక్క రవ్వ రాలేదు" అంటుంది. నోట్లోకి అని ఊరికే అనలేదు. ఎండు ఆప్రికాట్ గింజ కొరకబోయి ఆవిడ ముందుపన్ను పోగొట్టుకుంది. అంతకుముందు జుమగుల్ నవ్విందంటే పక్కవీధిలో గాడిదలు చెవులు నిక్కించేవి. పన్ను ఊడాక తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరిదో అప్పు తెచ్చుకున్నట్టు కొంచెమే నవ్వుతోంది. నియాజ్‌మత్‌కి ఇంట్లో ఏదో దీపం తీసేసినట్టుంది. ఆ మాట పెళ్ళాంతో అనడానికి సిగ్గు. అందుకని ఇంకో మాట అన్నాడు.

"ఈ ఏడు గొర్రెతోలులో ఎంత బంగారం పడితే అంతా నీ పన్నుకే. ఒట్టు."

ఆ వేసవిలోనే వాళ్ళ కొడుకు ఉమేద్‌కి పెళ్ళై ఇంటికి కొత్త కోడలు వచ్చింది. దిగువన పత్తిచేల ఊరి పిల్ల, పేరు సద్‌బర్గ్. "బంగారప్పన్ను ఇప్పుడెవరు పెట్టించుకుంటున్నారు అత్తయ్యా, తెల్లది పెట్టించుకోండి" అంది మెల్లిగా.

"తెల్లదైతే పెట్టించుకున్నానని ఎవరికి తెలుస్తుందే పిచ్చిదానా!" అంది జుమగుల్.

మా తాతల నాటి పద్ధతి ఒకటుంది. వాలుగా పెట్టిన చెక్కమీద తోలు పరిచి ఇసుకనీళ్ళు పోస్తే బంగారం ఊలులో చిక్కుకుంటుంది. అక్రోట్లు రాలేదాకా ఆ తోలు దులపకూడదు. రాలాక ఎండబెట్టి, కాల్చి, బూడిద కడగాలి. ఈ కాలం వాళ్ళు ఏ పూటకాపూట బకెట్లో జాడించి చూసుకుంటారు. పొయ్యిమీది ఓష్ పులావు మూత క్షణానికోసారి ఎత్తి చూసే రకం వాళ్ళని నియాజ్‌మత్ ఈసడింపు. అలా వేసవంతా పట్టిన బంగారమంతా మట్టి కొట్టుకుపోయిన ఆ తోలులో, కట్టెల కొట్టంలో వేలాడుతోంది. అక్రోట్లు రాలడం మొదలైంది కూడా.

కొత్త కోడలంటే మా దగ్గర పొద్దు పొడవకముందే లేవాలి. వాకిలీ వీధీ ఊడవాలి, అందరూ లేచేసరికి చాయ్ కాగి ఉండాలి. సద్‌బర్గ్ వీధి ఎంత బాగా ఊడ్చేదంటే, ఎదురింటి ఖోల్‌మురాద్ కూడా తన గుమ్మం ముందు ఉమ్మడానికి జంకేవాడు. అన్ని పనులూ అయిపోయి ఇంకేం చేద్దామా అని ఆ పిల్ల వెతుక్కుంటుంటే, కొట్టంలో కంపు కొడుతున్న తోలు కంటపడింది. పత్తిచేల పిల్లకి దాని సంగతేం తెలుసు!

నియాజ్‌మత్ సంతకి వెళ్ళి వచ్చేసరికి, అతను కూర్చునే అరుగుమీద తోలు తెల్లగా, దువ్వి, పరిచి ఉంది.

"కూర్చోండి మామయ్యా. మీ నడుముకి మెత్తగా ఉంటుంది."

నియాజ్‌మత్ తోలు వంక చూశాడు. చన్నీళ్ళకి కందిపోయిన పిల్ల చేతుల వంక చూశాడు.

"ఎక్కడ ఉతికావమ్మా?"

"గుమ్మం ముందు కాలవలో. సబ్బెట్టి రాతిమీద బాదాను. ఎంత మట్టి మామయ్యా! ఇసక కారుతూనే ఉంది. మెరుస్తూ కూడా ఉంది!"

మెరుస్తూనట! నియాజ్‌మత్ వెళ్ళి దానిమీద కూర్చున్నాడు. "మెత్తగా ఉంది తల్లీ" అన్నాడు.

ఇంకేం అంటాడు? మా ఊళ్ళో మచ్చ పడితే చెరగదు. ఎప్పుడో పెళ్ళైన కొత్తలో ఓష్ మాడ్చిన హాలీమా, ముని మనవలు పుట్టాక కూడా ఓష్ మాడ్చిన హాలీమాయే. బంగారం కాలవపాలు చేసిన కోడలని ఈ పిల్లకి పేరొస్తే? ఆ ముసలాయన మనసు మంచిదని నేను ఊరికే అనడం లేదు.

మర్నాడు పొద్దున్నే పళ్ళెం పట్టుకుని గుమ్మం ముందు పిల్లకాలువలో దిగాడు. ఖోల్‌మురాద్ చూడనే చూశాడు.

"ఏమోయ్, ఏరు ఎండిపోయిందా?"

"మోకాళ్ళ నొప్పులోయ్. అంతదూరం నడవలేను."

ఖోల్‌మురాద్ నమ్మే మనిషా? ఏట్లో ప్రతి మలుపూ ఎరిగినవాడు ఇంటిముందు ఊరికే కూర్చుంటాడా? పళ్ళెంలోకి తొంగి చూశాడు. అడుగున ఒక రవ్వ తళుక్కుమంది. అంతే, మధ్యాహ్నానికల్లా కాలువ పొడుగునా జనం. బేసిన్లు, చాయ్ ట్రేలు, ఓష్ వడ్డించే పెద్ద పళ్ళేలు, ఏది దొరికితే అది.

"దొరికింది!" అని దిగువ నుంచి కేక. నిజంగానే దొరికింది మరి. నియాజ్‌మత్ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

"గడుసోడివయ్యా! ఊరందరినీ ఏటికి తోలి, అసలు చోటు గుమ్మం ముందు దాచుకున్నావా?" అని ఖోల్‌మురాద్ ఎగిరాడు.

గొడవ విని జుమగుల్ చాయ్ కూజాతో గుమ్మంలోకి వచ్చింది. సబ్బు చార కట్టిన రాయి చూసింది. వెనక్కి తిరిగి అరుగుమీది తెల్లటి తోలు చూసింది. మొగుడి పక్కకి వంగి గొంతు తగ్గించింది.

"ఉమేద్ వాళ్ళ నాన్నా, తోలు కాల్చావా?"

"లేదు."

"పిల్ల ఉతికేసిందా?"

"మెల్లిగా అనవే. వింటుంది."

జుమగుల్ కాలువ వంక చూసింది. ఆవిడ పన్ను ఆ కాలువలో కొట్టుకుపోతోంది, ఊరు ఊరంతా దానికోసం కొట్టుకుంటోంది.

అప్పుడే సద్‌బర్గ్ వాకిట్లోంచి వచ్చింది. "అత్తయ్యా, అందరూ ఏం వెతుకుతున్నారు?"

జుమగుల్ కోడలి మొహం చూసింది. ఆ మొహంలో దిగులు అప్పుడప్పుడే మొలుస్తోంది. సరిగ్గా అప్పుడే ఖోల్‌మురాద్ ఓష్ పళ్ళెంతో సహా జారి బురదలో కూలబడ్డాడు. జుమగుల్ నవ్వింది. చెయ్యి నోటికి వెళ్ళలేదు, తలగుడ్డ అంచూ వెళ్ళలేదు. పన్ను లేని సందు ఊరంతా చూసేలా, పక్కవీధి గాడిదలకి వినబడేలా నవ్వింది.

"మట్టి వెతుకుతున్నారే తల్లీ! ఈ ఊరి మగాళ్ళకి మట్టంటే ప్రాణం. ఇంకెప్పుడూ మీ మామయ్య తోలు ఉతక్కు. కంపు కొడితేనే ఆయనకి నిద్ర పడుతుంది."

నియాజ్‌మత్ చేతిలో పళ్ళెం ఆగిపోయింది. వేసవంతా నడుం పడిపోయేలా వంగింది ఈ నవ్వు కోసమే. అది పన్ను లేకుండానే తిరిగొచ్చేసింది. అతను నోరు తెరుచుకుని పెళ్ళాన్నే చూస్తుంటే పళ్ళెం ఒరిగి, పొద్దుట్నుంచీ పోగేసిన నాలుగు రవ్వలూ జారి కాలువలో పడ్డాయి. అతను చూసుకోలేదు. దిగువన బురదలోంచి లేస్తున్న ఖోల్‌మురాద్ చూశాడు.