మూతలేని మాస్టారు

మా వెంకటరత్నం మాస్టారికి మతిమరుపు. మామూలు మతిమరుపు కాదు, సగం మతిమరుపు. అందరూ టిఫిన్ డబ్బా మర్చిపోతే ఆయన డబ్బా తెచ్చుకుని మూత ఎక్కడో వదిలేస్తారు. పెన్ను జేబులోనే ఉంటుంది, క్యాపు ఉండదు. జగ్గయ్యపేటలో మా ఐటీఐలో నేను చేరిన రోజున ఆయన ఒక కాలికి తోలు చెప్పు, రెండో కాలికి బాత్‌రూమ్ చెప్పు వేసుకుని వచ్చారు. "దీని జత ఒక పిల్లాడింట్లో ఉండిపోయిందమ్మా" అని ఎవరూ అడక్కుండానే చెప్పి క్లాసులోకి వెళ్ళిపోయారు.

ఆయన ఎలక్ట్రీషియన్ ట్రేడు చెబుతారు. నేను ఇంగ్లీషూ, ఇంటర్వ్యూలో కుర్చీ చివర కాకుండా మధ్యలో ఎలా కూర్చోవాలో చెబుతాను. ఇరవై ఆరేళ్ళుగా ఒకే వైరింగ్ బోర్డు ముందు నిలబడి ఒకే పాఠం చెబుతున్న మనిషి అందులో ఒక్క ముక్క మర్చిపోడు గాని, సొంత కళ్ళజోడు పెట్టె పైసగం మాత్రం వారానికోసారి పోగొట్టుకుంటాడు. ఇది నాకు వింతగా తోచి ఉండాల్సింది. తోచలేదు.

బాధంతా ఆయన భార్య జయమణి గారిది. "మా పుట్టింటివాళ్ళు పెట్టిన స్టీలు సామాన్లో మూతున్న గిన్నె ఒక్కటీ మిగల్లేదు గీతా" అనేవారు. "ఆవకాయ జాడీ మీద పళ్ళెం బోర్లించి, దాని మీద రుబ్బురోలు పొత్రం పెడుతున్నా. ఎక్కడన్నా ఉత్త మూతలమ్మే కొట్టుంటే చెప్పమ్మా, నీకు పుణ్యముంటది."

పోయిన మూతల కోసం మాస్టారు రోజూ పొద్దున్నే పిల్లలకి ఫోన్లు చేసేవారు.

"ఒరేయ్, నా డబ్బా మూత నీ బ్యాగులో ఉండిపోయిందిరా."

"ఎవరితోనన్నా పంపిస్తా సార్."

"ఎవరికో ఇస్తే వాళ్ళెక్కడ మర్చిపోతారో. మతిమరుపు సంగతి నన్నడుగు. నువ్వే తీసుకురా."

వాడు తిట్టుకుంటూ తెచ్చేవాడు. "ఎలాగూ వచ్చావుగా, ఈ స్విచ్చి కాస్త బిగించి పో" అనేవారు మాస్టారు. స్విచ్చి తర్వాత హోల్డరు, హోల్డరు తర్వాత మీటరు. సాయంత్రం నాలుగు గంటలకి బెల్లు కొట్టేదాకా వాడక్కడే ఉండేవాడు. వెళ్ళేటప్పుడు చూస్తే మాస్టారి టెస్టరు క్యాపు వాడి జేబులో ఉండేది.

ఒకసారి నా బ్యాగులోనే ఆయన చట్నీ డబ్బా మూత బయటపడింది. మూడేళ్ళ కిందటి మాట. నాకు విజయవాడలో ఒక కాలేజీ నుంచి కబురొచ్చింది, వెళ్ళిపోదామని బట్టలు కూడా సర్దుకున్నాను. మూత ఇచ్చేసి వద్దామని వెళితే, "ఎల్లుండి మన పిల్లలకి ఇంటర్వ్యూలమ్మా, వీళ్ళకి ఒక్కసారి కూర్చోవడం నేర్పి వెళ్ళు" అన్నారు. నేర్పాను. తొమ్మిది మందికి ఉద్యోగాలు వచ్చాయి. వాళ్ళు తెచ్చిన మిఠాయిలు తింటూ నేను విజయవాడ సంగతి వదిలేశాను. ఈ జబ్బు అంటుకునేదే అని ఇంట్లో చెప్పాను.

ఇలా నడుస్తుండగా ఈ ఏడు మే నెలలో సైరా మానేసింది.

సైరాది గరికపాడు. మా బ్యాచి మొత్తానికి చెయ్యి తిరిగిన పిల్ల. వాళ్ళ నాన్న ఖలందర్ లారీ డ్రైవరు. ముక్త్యాలలో సిమెంటు లోడు మీద పట్టా కడుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇల్లు గడవాలి కాబట్టి సైరా నందిగామలో బట్టల కొట్లో చేరింది. ఆఖరి పరీక్షకి రెండు నెలలుంది. ఇంకో పది రోజులు రాకపోతే హాజరు చాలదు, పరీక్ష రాయనివ్వరు. రెండేళ్ళు నేర్చిన విద్యంతా చీరలతో పాటు మడతపెట్టి బీరువాలో పెట్టుకోవాల్సిందే.

మాస్టారు మామూలుగానే ఫోను చేశారు. "అమ్మాయ్, నా డబ్బా మూత నీ దగ్గరుంది."

సైరా దాన్ని బస్సు కండక్టరు చేతికిచ్చి పంపింది. ఆ వారంలోనే ఆయన గరికపాడు వెళ్ళి పలకరించి, టెస్టరు క్యాపు మర్చిపోయి వచ్చారు. అది కొరియర్లో వచ్చింది. మళ్ళీ వెళ్ళి ఎడమ చెప్పు వదిలేసి వచ్చారు. మర్నాడు ఒక సిమెంటు లారీ మా గేటు ముందు ఆగింది. డ్రైవరు దిగి, "ఖలందర్ అన్న పంపిండు" అని ఒంటి చెప్పు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. దాన్ని చూసి మాస్టారు దిగులుపడ్డారు. పోయిన వస్తువు దొరికినందుకు దిగులుపడ్డ మనిషిని నేను చూడటం అదే మొదలు.

ఆదివారం నన్ను స్కూటరు ఎక్కించుకుని ఆయనే గరికపాడు బయల్దేరారు. సైరా కొట్టుకి వెళ్ళింది. ఖలందర్ కట్టు కట్టిన కాలు చాచుకుని మంచం మీదున్నాడు. పైన ఫ్యాను ఆలోచించి ఆలోచించి తిరుగుతోంది.

"ఇదేంటి ఖలందర్, ఇంత నెమ్మదిగా తిరుగుతోంది?"

"ముసలిదైపోయిందండి. తిరగనీండి పాపం."

మాస్టారు వినలేదు. స్టూలెక్కి ఫ్యాను దించి, మోటారు సంచిలో వేసుకుని, మూడు రెక్కలూ ఖలందర్ పక్కన పడుకోబెట్టారు. "రేపే బాగుచేసి పంపిస్తా" అన్నారు. సోమవారం పోయింది, మంగళవారం పోయింది. ఖలందర్ ఫోను చేస్తే "ఏ మోటారు?" అన్నారంట.

బుధవారం సైరా కొట్లో సెలవు పెట్టి మరీ వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది. వర్క్‌షాపులో బల్ల మీద మోటారు నిలువునా విప్పి ఉంది. లోపలి రాగి తీగంతా ఊడదీసి పక్కన కుప్ప పోసి ఉంది.

"ఇదేంటి సార్?"

"వైండింగు తీసేశానమ్మా. కొత్తది చుట్టాలి. నా కళ్ళజోడేమో కనపడటం లేదు."

"నెమ్మదిగా తిరిగే ఫ్యానుకి కండెన్సర్ మారిస్తే చాలని మీరే కదా సార్ చెప్పారు. మొదటి ఏడాదే చెప్పారు. వైండింగు ఎవరన్నా పీకుతారా?"

"అవునా? మర్చిపోయానమ్మా."

కళ్ళజోడు ఆయన నెత్తి మీదే ఉంది. సైరా దాన్ని చూసింది. చున్నీ నడుముకి బిగించి బల్ల ముందు కూర్చుంది.

అప్పుడే నాకు జయమణి గారి ఫోను. "గీతా, ఈయన ఆదివారం సాయంత్రం మళ్ళీ గరికపాడు వెళ్ళి మా టేబుల్ ఫ్యాను ఎవరింట్లోనో మర్చిపోయొచ్చారంట. మూతంటే సరే. ఫ్యానుకి ఫ్యాను మర్చిపోయే మనుషులుంటారా?"

సగం మతిమరుపు మనిషి మొట్టమొదటిసారి మొత్తం వస్తువు మర్చిపోయారు. అదీ ఫ్యాను లేని ఇంట్లో. నాకు ఏదో తేడాగా అనిపించింది.

కాసేపటికి రాగి తీగ చుట్ట పట్టుకుని బెన్ని వచ్చాడు. ఏడేళ్ళ కిందటి మా విద్యార్థి, ఇప్పుడు నందిగామలో మోటారు వైండింగు షాపు నడుపుతున్నాడు. సైరా చేతివేళ్ళ కేసి చూస్తూ నిలబడిపోయాడు.

"సార్ డబ్బా మూతొకటి ఇప్పటికీ నా షాపులో ఉంది మేడం" అన్నాడు నాతో. "నేను చదువు ఎగ్గొట్టి చెక్‌పోస్టు దగ్గర దాబాలో పరోటాలు కాలుస్తుంటే, తినడానికొచ్చి వదిలేసి పోయారు. ఇచ్చేసి వద్దామని వచ్చా. రెండేళ్ళు ఉండిపోయా. కోర్సయిపోయాక ఇవ్వబోతే, ఇంకెందుకురా, ఉంచుకో అన్నారు."

నేను మాస్టారి వైపు తిరిగాను. ఆయన నెత్తిన కళ్ళజోడుతో బల్ల కింద కళ్ళజోడు వెతుకుతున్నారు.

"మాస్టారూ, మీకు నిజంగా మతిమరుపేనా?"

ఆయన లేచి, దుమ్ము దులుపుకుని, గొంతు తగ్గించారు. "ఎందుకు రావట్లేదని అడిగితే పిల్లలకి సిగ్గమ్మా. ఇంట్లో ఇబ్బందులు చెప్పుకోలేక అసలు మొహం చాటేస్తారు. మూతడిగితే సిగ్గేముంది? రమ్మంటే రారు గాని, ఇవ్వడానికైతే వస్తారు. మొత్తం డబ్బా వదిలితే వాడుకుంటారు. ఉత్త మూత ఏం చేసుకుంటారు? తెచ్చివ్వాల్సిందే."

హాజరు పెంచడమెలా అని మాకు ఏటా శిక్షణ ఇస్తారు, ఫైళ్ళు కూడా ఇస్తారు. అందులో మూత సంగతి ఎక్కడా లేదు.

"మరి నా బ్యాగులో చట్నీ డబ్బా మూతో?"

"అదా? అది నిజంగానే మర్చిపోయానమ్మా" అన్నారు, గోడ మీద బల్బు కేసి చూస్తూ.

సైరా శుక్రవారానికి వైండింగు పూర్తి చేసింది. అప్పటికే బెన్ని షాపులో సాయంత్రం పని కుదిరింది. బట్టల కొట్లో ఇచ్చేదానికి తక్కువ ఇవ్వనన్నాడు. నాలుగింటిదాకా మా దగ్గర క్లాసు, ఆ తర్వాత నందిగామలో వైండింగు. ఖలందర్ ఇంట్లో ఫ్యాను ఇప్పుడు ఎంత వేగంగా తిరుగుతోందంటే, పేపరు చదవాలంటే రెండు చేతులూ కావాలంట.

సైరా పరీక్ష పాసైంది. సిమెంటు ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా తీసుకున్నారు. చేరే ముందు రోజు టేబుల్ ఫ్యానూ, ఒక కొత్త టిఫిన్ డబ్బా తెచ్చి మాస్టారికిచ్చింది. డబ్బా అంచుకి తనే బెజ్జం వేసి, మూతకి గొలుసు బిగించింది.

"ఇంక మర్చిపోలేరు సార్" అంది నవ్వుతూ.

జయమణి గారు ఆ గొలుసుని కళ్ళకద్దుకున్నారు. మాస్టారు దీవించి తీసుకున్నారు గాని, మొహంలో ఏదో ఇబ్బంది.

కొత్త బ్యాచి మొదలైన రెండో వారం, పొద్దున్నే నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరకి వేశారు. చేతిలో డబ్బా ఉంది.

"గీతమ్మా, కటింగ్ ప్లేయరుందా?"

"ఎలక్ట్రీషియన్ మాస్టారు మీరు. నన్నడుగుతారేంటండీ?"

"ఎక్కడో మర్చిపోయా. రెడ్డిగూడెం కుర్రాడు మూడు రోజుల నుంచి రావట్లేదమ్మా."

వర్క్‌షాపు నుంచి నేనే ప్లేయరు తెచ్చాను. గొలుసు లాగి పట్టుకున్నాను, ఆయన కత్తిరించారు. సాయంత్రం జయమణి గారు ఫోను చేసి గొలుసు ఏమైందని నన్ను నిలదీశారు. మర్చిపోయానండీ అన్నాను.