ఉగాది నూనె

ఎనభైల మొదట్లో నా లావు చూసి ఆత్మకూరు డాక్టరు భయపెట్టడంతో, తిండి తగ్గించి, రోజూ ఉదయగిరి కోట కొండెక్కి దిగాను. ఏడాదిన్నరలో దాదాపు సగమయ్యాను. నా చర్మానికి మాత్రం ఆ కబురు అందలేదు. పొట్ట మీద మడతలు మడతలుగా వేలాడేది. ఆఫీసులో అందరూ మెచ్చుకునేవారు. చొక్కా లోపలి సంగతి వాళ్లకు తెలియదు. ఇంట్లో కూడా ఎండాకాలమంతా బనియను విప్పలేదు.

ఉగాది పొద్దున ఇంటిల్లిపాదికీ ఒంటికి నూనె రాయడం అమ్మ పని. నా వంతు వచ్చింది.

"నేనే రాసుకుంటాలేమ్మా."

"ఏందిరా కొత్తగా సిగ్గు? తియ్యి బనియను."

తీశాను. అమ్మ కాసేపు చూసింది. నేను గోడను శ్రద్ధగా పరిశీలించాను.

"దీనికేనా? ఆరుగురిని మోసినాను, నా పొట్టా ఇట్నే ఉండాది. మీరంతా ఖాళీ చేసిపోయిన ఇల్లు గదరా అది! నేనేమన్నా దాచిపెట్టుకున్నానా?"

ఒక్కో మడత ఎత్తి, పసిబిడ్డకు పట్టించినట్టు నూనె పట్టించింది. చక్కిలిగింతకు మెలికలు తిరిగితే, "కదలొద్దురా" అని వీపు మీద ఒకటిచ్చింది. అప్పుడు నాకు నలభై రెండేళ్లు.

తలంటి పోసుకున్నాక, పంచె కట్టుకుని, ఒంటి మీద ఇంకేమీ లేకుండా వీధరుగు మీద కూర్చుని ఉగాది పచ్చడి తిన్నాను.