మా అన్న కొట్టే నాలుగో దెబ్బ

దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. చాలా ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. బళ్లో పిశాచాల కథ ఎత్తిన పిల్లను బెంచీ ఎక్కించే రకం. ఇంట్లో బైబిలు, బళ్లో ఎక్కాల పుస్తకం, ఈ రెండూ చాలనుకునేదాన్ని. ఇది చదివి పంతులమ్మకు మతి చలించిందని ఎవరైనా అనుకుంటే నాకేం కోపం లేదు. విన్నది విన్నట్టు చెబుతాను, అంతే.

మాది కమలాపురం దగ్గర ఒక పల్లె. మా నాయన దేవదానం బావులు తవ్వే మేస్త్రీ. మా వైపు బావి తవ్వడమంటే బండను పగలగొట్టుకుంటూ పోవడమే. అప్పటికీ నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. అడుగున ఉన్నవాడు పైకి అరిస్తే మాట గోడలకు తగిలి ముద్దయిపోతుంది, ఒక్క ముక్కా తెలీదు. అందుకని గడ్డపారతో బండ మీద కొట్టి చెప్పుకుంటారు. ఒకటి కొడితే గంప లాగమని. రెండు కొడితే ఆగమని. నిదానంగా మూడు కొడితే పనైపోయింది, నన్ను పైకి లాగండని.

ఆ మూడు దెబ్బలకు గట్టు మీది మేస్త్రీ తిరిగి మూడు కొట్టాలి. ఆ జవాబు వినకుండా లోపలివాడు మోకు తాడు పట్టుకోడు. జవాబివ్వకుండా మేస్త్రీ గట్టు వదలడు. మా వాళ్లలో అది తప్పరాని కట్టుబాటు.

మా అన్న యోహాను మీసాలు రాకముందే బావుల్లోకి దిగేవాడు. అన్నకొక చెడ్డ అలవాటు. మూడు కొట్టాక చిన్నగా, తొందరగా ఇంకొకటి తగిలించేవాడు. అది గట్టు మీద గంపలందుకునే అమ్మ కోసం. ఆకలేస్తాంది, సంగటికి ఎసరు పెట్టమని. అమ్మ నవ్వుకుంటూ ఇంటికి బయలుదేరేది. నాయనకు మాత్రం ఒళ్లు మండేది. లెక్క తప్పితే ప్రాణాలు పోయే పనిలో ఎగతాళేమిటని తిట్టేవాడు.

ఒక సాయంత్రం ఆ నాలుగో దెబ్బ విని నాయన కోపం పట్టలేకపోయాడు. జవాబు కొట్టకుండానే లేచి ఇంటికొచ్చేశాడు. అన్న అడుగున కూర్చుని ఎదురు చూశాడు. అమ్మా, గట్టు మీద పనిచేసే చిన్నాయనా మోకు వేసినా పట్టుకోలేదట. చివరికి వాళ్లు బతిమాలి పైకి లాగారు. మర్నాడు పొద్దున్నే అన్న కడపకు పోయి పటాలంలో చేరిపోయాడు.

అవి యుద్ధం రోజులు. మలయాకు పంపించారన్నారు. తర్వాత ఆచూకీ తెలియదని ఒక కాగితం వచ్చింది. చనిపోయాడనీ లేదు, బతికున్నాడనీ లేదు. చనిపోయినవాళ్లకు పెట్టే జ్ఞాపకార్థ కూడిక పెడదామని చర్చి అయ్యగారు ఎన్నిసార్లు అడిగినా అమ్మ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు.

టీచరు ట్రైనింగు అయ్యాక నాకు కుదిరిన సంబంధం మలయాదే. మా ఆయన అక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడు, ఒక రబ్బరు తోటలో గుమాస్తా. మా వైపు బావులు ఎలా తవ్వుతారో ఆయన చూసి ఎరగడు. తోటలో పనిచేసే తెలుగువాళ్ల పిల్లలకు నేను బడి చెప్పేదాన్ని. పెళ్లయిన నాలుగో ఏడు, అంటే పందొమ్మిది వందల యాభైల మొదట్లో, అమ్మానాయనలను పిలిపించుకున్నాను.

మద్రాసులో ఓడెక్కి, ఒళ్లు హూనం చేసుకుని దిగారు. అమ్మ సంచీలో రాగిపిండి, నాయన సంచీలో సుత్తి. పరాయి దేశానికి సుత్తెందుకు నాయనా అంటే, "అది లేకుంటే చేతికి ఏం తోచదు పాపా" అన్నాడు. నా బడి చూపిస్తే నల్లబల్ల వైపు చూడకుండా మెట్ల రాయిని తట్టి, చెవి పెట్టి విని, "బీట లేదు, గట్టిదే" అని మెచ్చుకున్నాడు. రోజూ పడే వాన చూస్తే మాత్రం ఆయనకు మండిపోయేది. "ఇన్ని నీళ్లు వీళ్లకెందుకుమ్మే? మన కాడ పడితే ఎంత బాగుంటాది!" అని ఆకాశాన్ని నిలదీసేవాడు.

వాళ్లు వచ్చింది నా కాపురం చూడ్డానికి మాత్రమే కాదని వారం తిరక్కముందే నాకు తెలిసిపోయింది. ఆ సంగతి కొంచెం గుచ్చుకుంది, దాచను. అమ్మ రవిక లోపల అన్న ఫొటో ఉంది. మా ఆయన సెలవు పెట్టి వాళ్లను వెంటబెట్టుకుని తిరిగాడు. పాత సిపాయిలను, ఆసుపత్రి వాళ్లను, పక్క తోటల వాళ్లను అడిగారు. ఎవరికీ ఏమీ తెలియదు. తిరుగు ఓడకు ఇంక పదిరోజులుందనగా నాయన తిండి తగ్గించేశాడు. అమ్మ ఆ ఫొటో చూపించడం మానేసింది.

మా ఇంటి పెరట్లో ఒక పాత బావి ఉండేది. యుద్ధం అయ్యాక మట్టితో పూడ్చి, పైన రాతి పలక పరిచారట. ఎందుకు పూడ్చారో చెప్పగలవాళ్లు తోటలో మిగల్లేదు. ఆ పలక మీదే నేను బట్టలుతికేదాన్ని. మూడేళ్లకు పైగా ఉతికాను. ఏనాడూ ఏ చప్పుడూ వినలేదు.

అది ఆదివారం. భోజనాలయ్యాయి. మధ్యాహ్నం మూడు గంటల వేళ, మంచి ఎండ. నేను తీగ మీద బట్టలు తీస్తున్నాను. అమ్మ గడపలో కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. మా ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు. నాయన పలక మీద కూర్చుని, ఊరికే, చేతి అలవాటు కొద్దీ సుత్తితో తడుతున్నాడు. కాసేపటికి ఆపి సుత్తి పక్కన పెట్టాడు.

అప్పుడు కింది నుంచి చప్పుడొచ్చింది.

ఒకటి. రెండు. మూడు. నిదానంగా. ఇనుము బండ మీద పడే చప్పుడు. నేను పుట్టినప్పటి నుంచి విన్న చప్పుడు, పొరపాటు పడే వీల్లేదు. నా అరికాళ్లకు కూడా అదురు తెలిసింది. ఆ వెంటనే చిన్నగా, తొందరగా, ఇంకొకటి.

నాయన కదల్లేదు. అమ్మ ఒళ్లోంచి అడకత్తెర జారిపోయింది. లేచి నిలబడి, పక్కింటి పిల్లవాడి గురించి చెప్పినట్టు మామూలుగా అంది: "బిడ్డ ఆకలి మీదుండాడు." అని లోపలికి పోయి పొయ్యి మీద ఎసరు పెట్టింది.

మళ్లీ వచ్చింది. మూడు, ఒకటి.

నాయన సుత్తి అందుకోబోయాడు. అందుకోకుండానే ఆగిపోయాడు. "నన్ను జవాబు అడగతాండాడు పాపా" అన్నాడు నాతో. వంటింట్లోంచి అమ్మ అరిచింది: "ఇంగా ఎంతసేపు కూచోబెడతావు వాణ్ణి? కొట్టు!" నాయన మీద అమ్మ గొంతెత్తడం నేనెరిగి అదే మొదటిసారి.

నాయన రెండు చేతులతో సుత్తి పట్టుకుని మూడు కొట్టాడు. "లాగుతాండా నాయనా, పట్టుకో" అన్నాడు. అని పలక మీదే బోర్లా పడి ఏడ్చాడు.

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. నాకు భయం వేయలేదు. ఒళ్లంతా గగుర్పొడిచి, చేతిలో ఆరిన బట్టతో అట్లాగే నిలబడిపోయాను. చర్చిలో కూడా నేనెప్పుడూ అంత భక్తిగా నిలబడి ఎరగను.

మా ఆయన పేపరు పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. "మూడు కొట్టాక చివర చిన్నగా కొట్టింది, అదేంటి?" అని అడిగాడు. బావుల భాష గురించి గానీ, ఆ నాలుగో దెబ్బ గురించి గానీ నేను ఆయనకు అంతవరకు ఒక్క మాట చెప్పలేదు. మా ఇంటి సిగ్గు అది, ఎట్లా చెబుతాను?

ఆ సాయంత్రం అమ్మ వేడి సంగటి ముద్ద తెచ్చి పలక మీద పెట్టింది. అందులోంచే తుంచి ముందు నాయన చేతిలో పెట్టింది, తర్వాత మా ఇద్దరికి. నాయన చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాడు.

మా ఆయన ఊరుకోలేదు. పైవాళ్ల దగ్గర అనుమతి తీసుకుని, కూలీలను పెట్టి పలక తీయించి బావి తవ్వించాడు. ఎముక ముక్కైనా దొరికితే ఊరికి పంపించుకోవచ్చని నా ఆశ. రెండు రోజులు తవ్వారు. మట్టి, వేర్లు, మట్టి. ఎక్కడా ఖాళీ లేదు. ఇనుప ముక్క లేదు. అసలు అడుగున బండే లేదు, మెత్తటి ఎర్రమట్టి. అక్కడ గడ్డపార వేస్తే చప్పుడు కాదు, దిగబడుతుంది. నాయన స్వయంగా దిగి చూసి వచ్చాడు.

నేను దిగులుపడి కూర్చుంటే అమ్మ గిన్నెలు తోముతూ తల కూడా ఎత్తకుండా అంది: "ఇంగా ఈడెందుకుంటాడుమ్మే? మీ నాయన పైకి లాగినాడు గదా."

ఊరికి తిరిగిపోయిన నెలలోనే అమ్మ తనంతట తానే అయ్యగారిని పిలిచి కూడిక పెట్టించింది.

ఎన్నో లెక్కలు విప్పి చెప్పిన నాకు ఈ ఒక్కటీ ఇంతవరకు తేలలేదు. నలుగురం విన్నాం, పట్టపగలు విన్నాం, బండ లేని చోట బండ చప్పుడు విన్నాం. ఇంతకు మించి నాకు తెలియదు.

నాయన మళ్లీ బావుల పనికి పోయాడు. లోపలివాళ్లకు జవాబుగా మూడు కొట్టాక, ఇప్పుడు చిన్నగా ఇంకొకటి కూడా కొడుతున్నాడని చిన్నాయన ఉత్తరం రాశాడు. ఎందుకని ఎవరూ అడగలేదట.